పాట బాగుంది, పడవ మాత్రం ఎక్కించను

ఒపెరా అనగానే మన ఐటీ జనాల్లో సగంమందికి నార్వేలో పుట్టిన బ్రౌజరు గుర్తొస్తుంది. మిగతా సగానికి కార్టూన్లలో చూసిన లావుపాటి ఆవిడ, తలమీద కొమ్ముల టోపీ, గాజుగ్లాసులు పగిలిపోయేలా ఒక కేక గుర్తొస్తాయి. ఈ టపా ఆ రెంటి గురించీ కాదు. 1607లో ఇటలీలోని మాంటువా అనే ఊళ్ళో, రాజభవనంలోని ఒక ఇరుకు వేదిక మీద ఆడిన సంగీత నాటకం గురించి. పేరు 'ఓర్ఫెయో'. సంగీతం క్లౌదియో మోంటెవెర్డి, మాటలు అలెస్సాంద్రో స్ట్రిజ్జో. ఇప్పటికీ ప్రపంచంలో క్రమం తప్పకుండా ఆడుతున్న ఒపెరాల్లో అన్నిటికన్నా పాతది ఇదే.

ముందే చెప్పేస్తున్నా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఇంజనీరింగు చదివి, కోడు రాసుకుని బతికేవాణ్ణి. చరిత్ర చదవడం సరదా, అంతే. కాబట్టి స్వరాల విశ్లేషణ ఆశించకండి. ఈ నాటకంలో మూడో అంకంలో ఒక సీనుంది. అది విన్నాక నాకు అర్థమయిందేమిటంటే, పని బాగుందని మెచ్చుకోవడం, ఆ పని చేసినవాడు అడిగింది ఇవ్వడం, ఈ రెండూ పూర్తిగా వేరువేరు విషయాలని 400 ఏళ్ళ కిందటే ఎవరో శుభ్రంగా రాసిపెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ సీనుకి సంగీతం కట్టినాయన ఆ తరవాత తన జీవితంలో అదే సీను అనుభవించాడు. చెప్పదలుచుకున్నది అదే.

ముందు కథ

గ్రీకు పురాణాల్లో ఓర్ఫియస్ అని ఒక గాయకుడు. ఆయన పాడుతుంటే క్రూరమృగాలు సాధువులైపోయేవి, చెట్లూ రాళ్ళూ కూడా కదిలొచ్చేవి. ప్రేమించి పెళ్ళి చేసుకున్న యూరిడిసీ పెళ్ళయిన వెంటనే పాము కరిచి చచ్చిపోతుంది. ఓర్ఫియస్ ఏడుస్తూ కూచోడు. బతికుండగానే పాతాళానికి బయల్దేరతాడు.

మనవాళ్ళకి ఇక్కడ సావిత్రి గుర్తురాక మానదు. కాకపోతే సావిత్రి మాటల నేర్పుతో యముణ్ణి ఇరుకున పెట్టింది. ఓర్ఫియస్ దగ్గరున్నది పాట ఒక్కటే. దారిలో మన వైతరణి లాంటి నది అడ్డం వస్తుంది. దాన్ని దాటించే పడవవాడి పేరు కేరాన్. చచ్చినవాళ్ళని తప్ప ఎవర్నీ ఎక్కించుకోకూడదని వాడి రూలు. ఎలాగో ఆ నది దాటి పాతాళరాజు ప్లూటో దాకా వెళితే, ఆయన యూరిడిసీని ఇస్తాడు. ఒకటే షరతు: వెలుగులోకి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు. మనవాడు చూస్తాడు. అంతే, ఆవిడ మళ్ళీ పోతుంది. ఈసారి శాశ్వతంగా.

రోమన్ మహాకవులు వర్జిల్, ఓవిడ్ ఇద్దరూ ఈ కథ రాశారు. 1600 నాటికి చదువుకున్న ప్రతి ఇటాలియనుకీ ఇది నోటికొచ్చిన కథే. మరి మాంటువాలో కొత్తేముంది?

సోర్సు కోడు పోయిన సిస్టం

కొత్తేముందో తెలియాలంటే కాస్త వెనక్కి, ఫ్లోరెన్సుకి వెళ్ళాలి. 1570ల్లో, 80ల్లో అక్కడ కౌంట్ జొవాన్ని బార్ది అనే పెద్దమనిషి ఇంట్లో కొందరు పండితులు, సంగీతకారులు చేరి చర్చలు పెట్టుకునేవారు. వీళ్ళనే కమెరాటా అంటారు. వాళ్ళలో విన్చెన్జో గలిలేయి ఒకడు. వీణ లాంటి ల్యూట్ వాయించేవాడు. దూరదర్శినితో ఆకాశం చూసిన గెలీలియో ఈయన కొడుకే.

వీళ్ళ బాధ ఏమిటంటే, ప్రాచీన గ్రీకు నాటకాలు చూసి జనం ఏడ్చేవారని, ఊగిపోయేవారని పుస్తకాల్లో ఉంది. మరి మన సంగీతం వింటే ఎవరికీ ఏమీ కావడం లేదేం? అప్పటి పద్ధతిలో నలుగురైదుగురు ఒకేసారి వేరువేరు వరసల్లో పాడేవారు. వినడానికి గొప్పగానే ఉండేది కానీ మాట ఒక్కటీ తెలిసేది కాదు. గ్రీకు పండితుడు జిరోలమో మెయి రోము నుంచి వీళ్ళకి ఉత్తరాలు రాసేవాడు. గ్రీకులు ఒకే వరస పాడేవారని, విషాద నాటకాలు మొదలుపెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా పాటే అని ఆయన వాదన.

నాటకమంతా పాటే అన్నది ఇవాళ పండితులు ఒప్పుకోరు. గ్రీకు నాటకంలో కొన్ని భాగాలు పాడేవారు, కొన్ని మాట్లాడేవారు. కానీ ఫ్లోరెన్సు వాళ్ళ దగ్గర దాన్ని పరీక్షించడానికి ఆధారమేదీ లేదు. నాటకాల మాటలు మిగిలాయి, సంగీతం పోయింది. కొన్ని పాత స్తోత్రాల స్వరలిపి దొరికితే గలిలేయి 1581లో తన పుస్తకంలో అచ్చు వేశాడు కానీ అదెలా చదవాలో ఆయనకీ తెలీదు.

మనలో చాలామందికి ఈ పరిస్థితి తెలుసు. పాత సిస్టం ఒకటుంటుంది. రాసినవాళ్ళెవరూ లేరు, సోర్సు కోడు లేదు, పాత డాక్యుమెంటు మాత్రం ఉంటుంది. అందులో "ఇది అద్భుతంగా పనిచేయును" అని రాసుంటుంది. దాన్ని చూసి మళ్ళీ కట్టమంటారు. కట్టింది ఎప్పుడూ పాతది కాదు, కొత్తదే అవుతుంది. ఫ్లోరెన్సులో జరిగింది అదే. గ్రీకు నాటకాన్ని బతికిస్తున్నాం అనుకుంటూ గ్రీకులెరగనిదాన్ని పుట్టించారు. మాటకీ పాటకీ మధ్యలో ఉండే ఒక గాన పద్ధతి. మన పద్యనాటకంలో పద్యం రాగం తీసి పాడతారు, వచనం మామూలుగా చెబుతారు కదా. ఇక్కడ ఆ వచనం కూడా స్వరంలోనే నడుస్తుంది, కింద ఒకటి రెండు వాయిద్యాలు ఆనుకుని ఉంటాయి.

ఈ పద్ధతిలో యాకోపో పేరి 'దాఫ్నే' చేశాడు (1598). దాని సంగీతం దాదాపుగా పోయింది. తరవాత 1600 అక్టోబరు 6న ఫ్లోరెన్సులోని పిట్టి భవనంలో ఆయనదే 'యూరిడిచే' ఆడారు. అదే ఓర్ఫియస్ కథ. సందర్భం ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీతో మారియా దె మెదీచి పెళ్ళి. పెళ్ళివారింట్లో భార్య చచ్చిపోయే కథ వేస్తే బాగోదు కాబట్టి షరతూ గిరతూ తీసేసి, యూరిడిసీని క్షేమంగా ఇంటికి చేర్చి శుభం కార్డు వేసేశారు :)

అసలు అందరూ ఓర్ఫియస్ మీదే ఎందుకు పడ్డారంటే, కారణం తేలిక. స్టేజీ మీద మనిషి మాట్లాడాల్సిన చోట పాడితే "వీడికేమైంది?" అంటారు ప్రేక్షకులు. ఆ మనిషే గాయకుడైతే ఎవరూ అడగరు.

ఆ పెళ్ళికి వచ్చిన అతిథుల్లో మాంటువా డ్యూకు విన్చెన్జో గొంజాగా ఉన్నాడు. పెళ్ళికూతురి అక్క ఎలియొనోరా ఆయన భార్యే. తోడల్లుడి పెళ్ళికి వెళ్ళినాయన అక్కడ కొత్త వినోదం చూశాడు. ఇలాంటిది మనింట్లో కూడా ఉండాలి అన్న ఆలోచన ఆ కుటుంబంలో మొలకెత్తడానికి అంతకన్నా ఏం కావాలి?

మాంటువా ప్రాజెక్టు

ఆరేళ్ళ తరవాత ప్రాజెక్టు నెత్తికెత్తుకుంది డ్యూకు కాదు, ఆయన పెద్దకొడుకు ఫ్రాంచెస్కో. ఇన్వగీతి అనే పండిత సంఘం కోసం, 1607 కార్నివాల్ పండగ రోజుల్లో ఆడాలని నిర్ణయం. మోంటెవెర్డికి అప్పటికి 39 ఏళ్ళు. 1590 ప్రాంతంలో తీగవాయిద్యం వాయించేవాడిగా ఆ కొలువులో చేరి, 1601లో సంగీతాధికారి అయ్యాడు. మాటలు రాసిన స్ట్రిజ్జో ఆ కొలువులోనే అధికారి, చదువుకున్నవాడు, తనూ వాయిద్యం వాయించగలడు. తండ్రి పేరున్న స్వరకర్త.

ఫ్రాంచెస్కో తన తమ్ముడు ఫెర్దినాందోకి రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. చదువుతుంటే ప్రాజెక్టు మేనేజరు మెయిళ్ళలాగే ఉంటాయి. మాంటువాలో పై స్థాయి గొంతులు చాలవు, తస్కనీ గ్రాండ్ డ్యూకు దగ్గరున్న గాయకుణ్ణి ఒకణ్ణి అప్పు ఇప్పించమని అడుగుతాడు. వచ్చినవాడి పేరు జొవాన్ని గువల్బెర్తో మాల్యీ. ప్రదర్శనకి కొద్దిరోజుల ముందు దిగాడు, తీరా చూస్తే నాందీ భాగం ఒక్కటే వచ్చి ఉంది. మిగతాది ఆ కాస్త టైములో బట్టీ పట్టించారు. పక్క టీము నుంచి తెచ్చుకున్న రిసోర్సు గో-లైవ్‌కి వారం ముందు నాలెడ్జి ట్రాన్స్‌ఫర్ తీసుకోవడం కొత్త విషయం కాదన్నమాట. ఓర్ఫియస్ వేషం వేసింది ఫ్రాంచెస్కో రాజీ అనే ప్రసిద్ధ గాయకుడని పండితుల అభిప్రాయం.

1607 ఫిబ్రవరి 24న ఆడారు. ముందురోజు కార్లో మాన్యో అనే కొలువు ఉద్యోగి రోములో ఉన్న తన సోదరుడికి రాసిన ఉత్తరంలో, రేపటి ఆటలో పాత్రలన్నీ సంగీతంలోనే మాట్లాడతాయట అని వింతగా చెప్పుకున్నాడు. ప్రేక్షకులు అర్థం చేసుకోవడానికి వీలుగా మాటల పుస్తకం అచ్చువేసి పంచారు. ఆట నచ్చింది. మార్చి 1న మళ్ళీ ఆడించారు.

1609లో వెనిస్‌లో అమదీనో అనే ముద్రాపకుడు సంగీతాన్ని కూడా పుస్తకంగా వేశాడు. మోంటెవెర్డి దాన్ని ఫ్రాంచెస్కోకే అంకితమిచ్చాడు. ఈ కృతి పుట్టినప్పుడు శుభగ్రహంలా చల్లగా చూసినవారు మీరే అన్న ధోరణిలో ఉంటుంది ఆ అంకితం. ఈ శుభగ్రహం మాట గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం పడుతుంది.

నది ఒడ్డున

ఇప్పుడు నాటకం. ముందు బాకాల మోత, తరవాత 'సంగీతం' అనే పాత్రే స్టేజీ మీదకి వచ్చి తన శక్తి గురించి చెప్పుకుంటుంది. కోపంతో ఉన్నవాణ్ణి చల్లబరుస్తా, చల్లగా ఉన్నవాణ్ణి రగిలిస్తా అనే అర్థంలో. ఈ గొప్ప నిజమో కాదో మిగతా అయిదు అంకాల్లో తేలాలి.

మొదటి అంకం పెళ్ళి సంబరం. రెండో అంకంలో ఓర్ఫియస్ స్నేహితులతో సరదాగా పాడుకుంటుంటే యూరిడిసీ చెలికత్తె సిల్వియా పరిగెత్తుకొస్తుంది. సంగీతం ఒక్కసారి మారిపోతుంది. అప్పటిదాకా గెంతుతున్న వాయిద్యాలు ఆగిపోతాయి. ఆవిడ పాము సంగతి చెబుతుంది. ఓర్ఫియస్ చాలాసేపు ఏమీ అనడు. భాష రాకపోయినా ఆ మౌనం అర్థమవుతుంది. పెద్ద గాయకుడి చేత పాడించడానికి పెట్టిన నాటకంలో, కథకి గుండెకాయ లాంటి చోట ఆ గాయకుడి నోరు కట్టేశాడు మోంటెవెర్డి.

మూడో అంకం పాతాళం. వాయిద్యాలు మారతాయి. పైలోకంలో తీగవాయిద్యాలు, పిల్లనగ్రోవులు ఉంటే కింద ట్రాంబోన్లు, కార్నెట్లు, రీగల్ అనే ముక్కుతో మాట్లాడినట్టుండే చిన్న ఆర్గన్. 'ఆశ' అనే పాత్ర ఓర్ఫియస్‌ని ద్వారం దాకా తీసుకొస్తుంది. లోపల ఆశకి చోటులేదన్న దాంతే మాట అక్కడ చెక్కి ఉంటుంది కాబట్టి ఆవిడ అక్కడే ఆగిపోవాలి. స్ట్రిజ్జో చమత్కారం.

ఇక కేరాన్. బొంగురు గొంతు, పక్కన ఆ రీగల్. బతికున్నవాడివి ఇక్కడేం పని, వెనక్కి పో అంటాడు. అప్పుడు ఓర్ఫియస్ తన దగ్గరున్నదంతా బయటికి తీస్తాడు. నాటకం మొత్తంలో అత్యంత కష్టమైన పాట ఇది. అచ్చు పుస్తకంలో మోంటెవెర్డి దీన్ని రెండు వరసల్లో వేయించాడు: ఒకటి సాదా వరస, ఇంకొకటి గమకాలన్నీ పూర్తిగా రాసినది. కృతి పుస్తకంలో ఉన్న స్వరానికీ, విద్వాంసుడు కచేరీలో వేసే సంగతులకీ ఉండే తేడా రెంటినీ పక్కపక్కన అచ్చువేసినట్టు. ఒక చరణానికి రెండు వయొలిన్లు జవాబిస్తాయి, తరవాత చరణానికి రెండు కార్నెట్లు, మూడోదానికి పెద్ద హార్పు. అవి ఒకదాన్నొకటి ప్రతిధ్వనిలా అనుకరిస్తాయి. గొంతు ఎక్కడెక్కడికో పోయి దొర్లుకుంటూ వస్తుంది. ఆ కాలంలో మనిషి గొంతు చేయగలిగిన ప్రతి విద్యా ఇందులో ఉంది. రెజ్యూమెలో ఉన్న స్కిల్సన్నీ ఒకే డెమోలో చూపించినట్టు.

పాట అయిపోతుంది. కేరాన్ జవాబు చెబుతాడు. సారాంశం ఇదీ: నీ పాట నాకు హాయిగా ఉంది, మనసుకి ఆనందం కలిగింది. అయితే జాలి అనేది నా హోదాకి తగిన పని కాదు.

అంతే. పడవ ఎక్కించడు.

మొదటిసారి మాటల అనువాదం ముందు పెట్టుకుని వింటున్నప్పుడు ఇక్కడ పాజ్ కొట్టి పెద్దగా నవ్వేశాను. "ఎక్సలెంట్ వర్క్, కీప్ ఇట్ అప్" అని టీమందరికీ కాపీ పెట్టి మెయిలు కొట్టి, ఏడాది చివర మధ్యస్తం రేటింగు ఇచ్చే ప్రతి మేనేజరూ పడవవాడే! నవ్వు తగ్గాక కాస్త ఆలోచనలో పడ్డాను. ఒపెరా అనే కళ అప్పుడే పుట్టింది. తొలి అడుగులు వేస్తోంది. తన బలమేమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. పాట వినగానే కేరాన్ కరిగిపోయాడని రాయడం చాలా తేలిక. పురాణంలో ఓర్ఫియస్ పాటకి పాతాళమే కరిగింది కదా. స్ట్రిజ్జో, మోంటెవెర్డి అలా చేయలేదు. సంగీతం శక్తి గురించి రాసిన నాటకంలో, అత్యంత గొప్ప పాట తరవాత, "బాగుంది కానీ కుదరదు" అనిపించారు.

తరవాత జరిగేది ఇంకా బాగుంటుంది. ఓర్ఫియస్ గమకాలన్నీ వదిలేసి, నా మనిషిని నాకు ఇచ్చేయండి అని సాదాగా ప్రాధేయపడతాడు. వాయిద్యాలు మెల్లగా మోగుతాయి. కేరాన్ కరగడు, నిద్రపోతాడు! ఓర్ఫియస్ తనే పడవ ఎక్కి తెడ్డు వేసుకుంటూ దాటేస్తాడు. అంటే ఆ గుమ్మం దగ్గర పని జరిగింది ఒప్పించడం వల్ల కాదు. కాపలావాడి కళ్ళు మూతపడటం వల్ల.

మరి పాట పూర్తిగా వృథా అయిందా? కాలేదు. నాలుగో అంకంలో తెలుస్తుంది, ఆ పాటని పాతాళరాణి ప్రొసర్పీనా విన్నది. ఆవిడే భర్త ప్లూటో దగ్గర సిఫారసు చేస్తుంది. తను ఎవరికోసం పాడాడో వాడు కరగలేదు, తను అనుకోని శ్రోత కరిగింది. ఆ తరవాత కథ మనకి తెలిసిందే. వెనక ఏదో చప్పుడవుతుంది, అనుమానమొస్తుంది, తిరుగుతాడు. నరకాన్ని గెలిచినవాడు తన మనసుని గెలవలేకపోయాడని కోరస్ తేలుస్తుంది.

ఇక ముగింపులు రెండున్నాయి. 1607 మాటల పుస్తకంలో చివర బాకస్ భక్తురాళ్ళు కోపంతో వచ్చి మీదపడబోతే ఓర్ఫియస్ పారిపోతాడు. 1609 సంగీత పుస్తకంలో తండ్రి అపోలో దేవుడు మేఘంలో దిగివచ్చి కొడుకుని స్వర్గానికి తీసుకుపోతాడు. యూరిడిసీ పోలికలు ఇకమీద సూర్యుడిలో, నక్షత్రాల్లో చూసుకోమంటాడు. రెండేళ్ళలో రెండు వెర్షన్లు. ఏ వెర్షన్లోనూ యూరిడిసీ మాత్రం తిరిగి రాదు.

అదే సీను, ఈసారి నిజంగా

మోంటెవెర్డి భార్య పేరు క్లౌదియా కత్తానెయో. ఆవిడా మాంటువా ఆస్థాన గాయనే. 'ఓర్ఫెయో' ఆడిన ఏడు నెలలకి, 1607 సెప్టెంబరులో చనిపోయింది. ఇద్దరు చిన్నపిల్లలు. భార్యని పోగొట్టుకున్న గాయకుడి కథకి ప్రాణం పోసినాయన ఆ ఏడాదే భార్యని పోగొట్టుకుని క్రెమోనాలో తండ్రి ఇంట్లో కూచున్నాడు.

కొలువు నుంచి పిలుపొచ్చింది. వెంటనే బయల్దేరి రావాలి, 1608లో ఫ్రాంచెస్కో పెళ్ళి, ఇంకో ఒపెరా కావాలి. అది 'అరియాన్నా'. మళ్ళీ గ్రీకు కథే. ప్రియుడు వదిలేసిపోయిన ఆరియాడ్నే కథ. నాయిక పాత్రకి అనుకున్న యువగాయని కతెరీనా మార్తినెల్లి మోంటెవెర్డి ఇంట్లోనే ఉండి సంగీతం నేర్చుకున్న పిల్ల. ఆటకి ముందు మశూచి వచ్చి ఆ అమ్మాయీ పోయింది. వేరే ఆవిడకి పాత్ర నేర్పించారు. 1608 మే 28న ఆడారు. ఆరియాడ్నే విలాపం విని ఆడవాళ్ళంతా కన్నీళ్ళు పెట్టుకున్నారని ఆస్థాన చరిత్రకారుడు రాశాడు. ఆ ఒపెరాలో ఇవాళ మనకి మిగిలిన సంగీతం ఆ విలాపం ఒక్కటే.

ఆ డిసెంబరులో మోంటెవెర్డి క్రెమోనా నుంచి ఒక ఆస్థానాధికారికి రాసిన ఉత్తరం ఉంది. మళ్ళీ రమ్మన్నందుకు జవాబు. కొద్ది టైములో 1500 పంక్తులకి సంగీతం కట్టడం తనని దాదాపు చంపేసిందంటాడు. చెయ్యని పనికి గాల్యానోకి 200 స్కూదీలు ముట్టాయి, చేసిన నాకు ఏమీ లేదంటాడు. గౌరవంగా సెలవిప్పించండి అంటాడు. వాళ్ళ నాన్న కూడా డ్యూకు దంపతులకి ఉత్తరాలు రాశాడు.

డ్యూకు సెలవివ్వలేదు. 1609లో జీతం పెంచి, ఏటా 100 స్కూదీల పింఛను రాసిచ్చాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ పింఛను వసూలు చేసుకోవడానికి మోంటెవెర్డి బతికినంతకాలం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఆఫర్ లెటర్లో ఉన్న అంకె, చేతికొచ్చిన అంకె ఒకటి కావని మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

1612 ఫిబ్రవరిలో డ్యూకు చనిపోయి, ఫ్రాంచెస్కో గద్దెనెక్కాడు. 'ఓర్ఫెయో' ఆడించిన రాకుమారుడు, అంకితం పుచ్చుకున్న శుభగ్రహం. ఆ జులైలోనే మోంటెవెర్డినీ, ఆయన తమ్ముణ్ణీ ఉద్యోగం నుంచి తీసేశాడు. 21 ఏళ్ళ సర్వీసు తరవాత 25 స్కూదీలతో బయటపడ్డానని మోంటెవెర్డి తరవాత ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఫ్రాంచెస్కోకి పాట నచ్చలేదని కాదు, చాలా నచ్చింది. నచ్చడం వేరు. పడవ వేరు.

ఇంటికొచ్చే జీతం

1613 ఆగస్టులో వెనిస్‌లోని సాన్ మార్కో చర్చి ఆయన్ని సంగీతాధికారిగా తీసుకుంది. జీతం 300 డుకాట్లు. సామాన్లతో వెనిస్ వెళుతుంటే దారిలో దొంగలు దోచుకున్నారు, అది వేరే కథ. 1616లో జీతం 400 చేశారు.

1620లో మాంటువా వాళ్ళు మళ్ళీ రమ్మని కబురుపెట్టారు. ఆ మార్చిలో మోంటెవెర్డి రాసిన జవాబు, చరిత్రలో ఒక ఉద్యోగి రాసిన గొప్ప తిరస్కార లేఖల్లో ఒకటనుకుంటాను. ఇక్కడ నా జీతం వేళకి నా ఇంటికే వస్తుంది, నా సలహా లేకుండా గాయకుణ్ణి తీసుకోరు, బయట పని చేసుకుంటే అదనంగా సంపాదన, ఎక్కడికెళ్ళినా మర్యాద. అక్కడ నాకు రావలసిన డబ్బు కోసం ఖజానాదారు ముందు నిలబడి దేబిరించాను, జీవితంలో అంతకన్నా అవమానం పడలేదు. మాటలు నావి, విషయం ఆయనది.

ఇంతకీ ఆ ఉత్తరం ఎవరికి రాశాడో తెలుసా? అలెస్సాంద్రో స్ట్రిజ్జోకి. కేరాన్ చేత "బాగుంది కానీ జాలిపడను" అనిపించిన అదే స్ట్రిజ్జోకి! అప్పటికి ఆయన మాంటువా కొలువులో పెద్ద హోదాలో ఉన్నాడు. ఉత్తరం చదివినప్పుడు ఆయనకి తన పడవవాడు గుర్తొచ్చి ఉంటాడా అని నాకు అనుమానం. వాళ్ళిద్దరి స్నేహం మాత్రం చెడలేదు, ఉత్తరాలు నడుస్తూనే ఉన్నాయి.

ఆ తరవాత గొంజాగాల అసలు వంశం 1627తో ఆగిపోయింది. వారసత్వం కోసం యుద్ధం వచ్చి 1630లో చక్రవర్తి సైన్యం మాంటువాని దోచుకుంది. సాయం అడగడానికి వెనిస్‌కి రాయబారిగా వచ్చిన స్ట్రిజ్జో అక్కడే ప్లేగుతో పోయాడు.

1637లో వెనిస్‌లో సాన్ కస్సియానో అనే నాటకశాల తెరిచారు. టికెట్టు కొన్న ఎవరైనా ఒపెరా చూడొచ్చు. డ్యూకు పిలవక్కర్లేదు, పెళ్ళి ఉండక్కర్లేదు. డెబ్బై దాటిన మోంటెవెర్డి మళ్ళీ కలం పట్టాడు. 1640లో హోమర్ కథతో 'యులిస్సెస్ ఇంటికి తిరిగిరావడం', 1643లో 'పొప్పెయా పట్టాభిషేకం'. ఆ ఏడాది నవంబరులో 76వ ఏట పోయాడు.

కాబట్టి రాజులు చెడ్డవాళ్ళు, మార్కెట్టు మంచిదీ అని తేల్చేస్తే సరిపోతుందా? సరిపోదు. గొంజాగాలు లేకపోతే 'ఓర్ఫెయో'నే లేదు. ఏ టికెట్టు నాటకశాలా 1607లో అన్ని రకాల వాయిద్యాలు, పొరుగు రాజ్యం నుంచి గాయకుడు, అచ్చు పుస్తకాలు భరించేది కాదు. వెనిస్ నాటకశాలల్లో వాయిద్య బృందాలు చాలా చిన్నవి, ఎందుకంటే వాటికి లెక్క చూసుకోవాలి. డ్యూకు డబ్బు ఉండబట్టే ఆ ధ్వని పుట్టింది. అదే డ్యూకు కొలువు ఆ ధ్వని పుట్టించినవాణ్ణి పీల్చి పిప్పి చేసింది. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్ళతోనే నాకు పేచీ. ఆస్థానాల స్వర్ణయుగాల గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా మొదటి సగంతో ఆపేస్తాం. ఖజానాదారు ముందు క్యూలో నిలబడ్డవాడి ఉత్తరం మిగిలితే తప్ప రెండో సగం తెలియదు. మోంటెవెర్డి ఉత్తరాలు వందకి పైగా మిగిలాయి కాబట్టి మనకి తెలిసింది.

'ఓర్ఫెయో' కూడా ఆయన తరవాత రెండు శతాబ్దాలకి పైగా మూలనపడింది. 1881లో జర్మనీలో సంగీతం మళ్ళీ అచ్చయింది, 1904లో పారిస్‌లో కచేరీగా పాడారు. 1609 పుస్తకం మిగలడం వల్లే ఇది సాధ్యమైంది. 'అరియాన్నా'కి ఆ అదృష్టం లేదు. ఫ్లోరెన్సు వాళ్ళకి గ్రీకు సంగీతం ఎలా పోయిందో మనకి అదీ అలాగే పోయింది.

వినాలనుకుంటే యూట్యూబులో చాలా ప్రదర్శనలున్నాయి. 2002లో జోర్ది సవాల్ బార్సిలోనాలో చేసింది బాగుంటుంది, పాత వాయిద్యాలు కళ్ళారా చూడొచ్చు. మొత్తం రెండు గంటలు కూచోలేకపోతే మూడో అంకం ఒక్కటీ పెట్టుకోండి. మాటల అనువాదం పక్కన ఉంచుకోవడం మరచిపోవద్దు. అది లేకపోతే కేరాన్ ఏమన్నాడో తెలీదు, ఆ బొంగురు గొంతు విని పాట నచ్చలేదేమో అనుకుంటారు. నచ్చింది. అదే కదా అసలు బాధ.